ప్రసవకాల నిర్ణయ మెవ్వరిది?

(అనంతపురమున జరిగిన వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ సభామండపమున విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములయందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. కార్యదర్శిగారు నాకు విషయమును నిర్ణయింపక, “అయ్యవారూ, మీకు తోచినది చెప్పుడు” అని సెలవిచ్చిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలయందు సంస్కృతాంధ్రములు బోధించినవాడను గావున ఏ కావ్యమును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. నేను ప్రసవమును గూర్చి చెప్పనెంచితిని. ముసలివానికి, అందును పురుషునకు, ఈ ప్రస్తావన యేల యని సోదరీమణులు కొందరు నవ్వుకొనుచున్నారు. కారణమును మొదట నివేదించుకొని పిమ్మట విషయమునకు వత్తును.

కొన్నియేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినది. తల్లికి గాని బిడ్డకు గాని ఏ లోపమును లేదు. అయినను నొప్పుల బాధ యేల, శస్త్రచికిత్స చేయించినచో గంటలో ముగియును గదా యని ఇంటివారందరము తీర్మానించితిమి. అట్లు చేయించునప్పుడు మంచి నక్షత్రమునే చూచుకొనరాదా యని వియ్యాలవారు కోరిరి. డాక్టరమ్మగారు, “ఇంకను రెండు వారములు ఓపిక పట్టినచో మేలు” అనిరి. మేము వినలేదు. పంచాంగము విప్పినవాడను నేనే. శ్రీరామచంద్రుని జన్మనక్షత్రమగు పునర్వసునందు లగ్నము గుణించి వ్రాసియిచ్చితిని. అప్పటికి ముప్పదియేడు వారములు నిండియు నిండకుండెను. బిడ్డ సరిగా నేను వ్రాసియిచ్చిన ఘడియలోనే పుట్టెను. కాని ఊపిరి పీల్చుకొనలేకపోయెను. ముక్కుపుటము లెగురుచు, డొక్కలు లోనికి పోవుచు, మూలుగుచున్న ఆ పసికందును గాజుపెట్టెలో నుంచి తొమ్మిది దినములు ప్రాణవాయువు నిచ్చిరి. ఆ తొమ్మిది దినములును నేను ఆసుపత్రి వరండాలో కూర్చుండి నేను పెట్టిన లగ్నమునే తలచుకొంటిని. దైవానుగ్రహమున బిడ్డ దక్కెను. తప్పు వైద్యులది కాదు, నాది. ఆ తప్పే నన్ను ఈ విషయమును చదువునట్లు చేసినది. చదివినదానిని మీ ముందుంచుటయే నేడు నా పని.

మన పూర్వు లీ సంగతి నెరుగనివారు కారు. భారతము ఆదిపర్వమున కద్రూవినతల కథ కలదు. కద్రువ గుడ్లనుండి నాగులు వెలువడుట చూచి, వినత సిగ్గును ఈర్ష్యయు నాపుకొనలేక తన రెండు గుడ్లలో నొకదానిని కాలము నిండకయే చిదిమినది. అందుండి నడుముపై భాగము మాత్రమే యేర్పడి, తొడలు లేని అనూరుడు వెలువడెను. అతడు తల్లిని శపించి, రెండవ గుడ్డునైనను కాలము నిండువరకు కాపాడుకొమ్మని చెప్పి, సూర్యునకు సారథి యయ్యెను. కాలము నిండిన రెండవ గుడ్డునుండి గరుత్మంతుడు పుట్టి తల్లి దాస్యమును బాపెను. ఆ అనూరుని కుమారుడే జటాయువు. జటాయువు పడిన తావని మనవారు చెప్పుకొను లేపాక్షి 2022 వరకు మన జిల్లాలోనిదే. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఈ కథను ముప్పదియైదేండ్లు బాలురకు బోధించితిని. నా యింటి గడపకు వచ్చినప్పుడు మరచితిని.

సరే, కాలము నిండినదని తెలిసికొనువారెవరు? తల్లియా, బిడ్డయా, వైద్యుడా, పంచాంగమా?

ఈ ప్రశ్నకు గట్టి సమాధానము మొదట గొర్రెలవలన లభించినది. మన మెట్టపొలములలో మందలు తోలువారికి గొర్రె అయిదు నెలలకు ఈనునని తెలియును. కాని ఆ దినము నెవరు నిర్ణయింతురో తెలియదు. న్యూజీలాండు దేశమున ఆక్లండు నగరమందు మాంట్ లిగ్గిన్సు అను వైద్యుడు 1960వ దశకమున దీనిని పరిశోధించెను. గర్భమునందలి గొర్రెపిల్ల తలలో, మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథిని పాడుచేసి చూడగా, దినములు నిండినను తల్లి ఈనలేదు. మారుగా, కడుపులోని పిల్లకు కార్టిసాలు అను హార్మోనును గాని, దానిని పుట్టించు హార్మోనును గాని ఎక్కించినచో దినములు నిండకయే ఈనెను. కావున గొర్రెలయందు ప్రసవమునకు సెలవిచ్చునది కడుపులోని పిల్లయే.

హార్మోను అను పేరును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టార్లింగు 1905లో గ్రీకు భాషనుండి తెచ్చెను. ప్రేరేపించునది యని దాని యర్థము. ఒక గ్రంథి పుట్టించి రక్తములో విడిచిన లేశమాత్ర ద్రవ్యము, దూరముననున్న మరియొక అవయవమును పనికి పురికొల్పును. ఇంటిలో వ్రాసిన జాబు టపాలో పోయి పొరుగూరిలో పని జరిపించినట్లే యనుకొనుడు.

లిగ్గిన్సు మరియొక వింతను గూడ చూచెను. అకాలమున పుట్టి, బ్రతుకజాలదని తలచిన గొర్రెపిల్ల యొకటి ఊపిరి పీల్చుచుండెను. పిల్లను బయటికి పంపు కార్టిసాలే దాని ఊపిరితిత్తులను గూడ పండించుచున్నదని ఆయన యూహించెను. ప్రయాణపు ఆనతియు, దారిబత్తెమును ఒకే చేతినుండి వచ్చుచున్నవన్నమాట. లిగ్గిన్సు, హోవీ అను నిరువురు 1972లో, నెలలు నిండక ప్రసవింపనున్న తల్లులకు ఆ జాతి మందును సూదిమూలమున ఇచ్చి, బిడ్డల శ్వాసబాధ తగ్గునని లోకమునకు చూపిరి. నేడు నెలలు తక్కువ కాన్పు తప్పదని తోచినప్పుడు మన ఆసుపత్రులలో నిచ్చు సూది యదియే. ఎందరు పసివారు దానివలన బ్రతికిరో లెక్కింపజాలము.

మానవులయందు ఈ వ్యవహారము మరికొంత చిక్కైనది. గర్భము నిలుచుటకు ముఖ్యాధారము ప్రొజెస్టిరోన్ అను హార్మోను. తొలుత దీనిని అండాశయమును, రెండుమూడు నెలల పిమ్మట మాయయును పుట్టించును. దీని యాజ్ఞవలన గర్భాశయపు కండరము తొమ్మిది నెలలు కదలక మెదలక పడియుండును. గొర్రెలయందు ఈనుటకు ముందు ఈ హార్మోను రక్తములో పడిపోవును. స్త్రీలయందు అట్లు పడిపోదు; దాని యాజ్ఞను అందుకొను ద్వారములు మారిపోవుటచే గర్భాశయమే దాని మాట వినుట మానును. నాకిది చదివినప్పుడు మా బడియే గుర్తునకు వచ్చినది. బడి విడుచు వేళ అయ్యవారి గొంతు తగ్గదు. పిల్లల చెవులే మారును!

అదే సమయమున శిశువు అడ్రినల్ గ్రంథులు ముడిసరకు పంపగా, మాయ దానిని ఈస్ట్రోజనుగా మార్చును. ఆ ఈస్ట్రోజను గర్భాశయపు కండరములను పనికి సిద్ధపరచును: కండరకణములన్నియు ఒక్కమాటపై బిగియుటకు వాని నడుమ దారులు తెరచును, నొప్పులు తెప్పించు ఆక్సిటోసిన్ హార్మోను నందుకొను ద్వారములను పెంచును. మాయ పుట్టించు మరియొక హార్మోను తల్లి రక్తములో పెరుగు తీరును బట్టి కాన్పు ముందో వెనుకో సూచన దొరకునని 1995లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ నగర పరిశోధకులు ప్రకటించిరి. దానిని వారు మాయయందలి గడియారమనిరి. మన పంచాంగముకన్న ఆ గడియారము బిడ్డకు దగ్గరిదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక రెండవ పక్షమునకు వత్తము. మన దేహమునందు రోగకారులను పట్టి చంపు కావలిబలగ మొకటి కలదు. దీనిని నేడు రోగనిరోధక వ్యవస్థ యందురు. ఆయుర్వేద గ్రంథములలోని వ్యాధిక్షమత్వమను మాట దీనికి దగ్గరిది. రక్తములోని తెల్లకణములు ఈ బలగపు భటులు. పరుని చర్మమును గాని, మూత్రపిండమును గాని మన దేహమున అతికినచో ఈ భటులు ఊరకుండరు. మరి బిడ్డయందు సగము తండ్రి సొమ్ము గదా! తల్లి దేహమునకు సగము పరుడైన ఆ శిశువును తొమ్మిది నెలలు ఈ కావలివారు ఎట్లు సహింతురు? ఈ ప్రశ్నను 1953లో మెడవార్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్పష్టముగా లేవనెత్తెను. భటులను శాంతింపజేయు కణములు కొన్ని మన దేహముననే కలవని తరువాత తేలినది. వానిని కనిపెట్టిన జపాను శాస్త్రజ్ఞుడు సకగూచికిని, అమెరికా శాస్త్రజ్ఞులగు బ్రన్కో, రామ్స్‌డెల్‌లకును 2025లో నోబెలు బహుమానము లభించినది. గర్భవతియందు ఈ శాంతికణములు బిడ్డను కాపాడుటలో పాలుపంచుకొనును; ప్రొజెస్టిరోనును వానికి తోడ్పడును.

దినములు నిండుసరికి ఈ బలగపు పని మారును. తొమ్మిది నెలలు ఊరకుండిన తెల్లకణములు గర్భాశయపు గోడలలోనికిని, ముఖ్యముగా గర్భాశయ ద్వారములోనికిని గుంపులుగా వచ్చి చేరును. అవి విడిచిన ద్రవ్యములవలన ద్వారమును బిగించియున్న నారలు సడలును. అంతవరకు ముక్కుకొనవలె గట్టిగా నుండిన ద్వారము పెదవివలె మెత్తబడును. ప్రోస్టాగ్లాండినులను ద్రవ్యములు పుట్టి ద్వారమును పండించుచు కండరమును మేల్కొలుపును. గాయము తగిలినచోట వాపు, వేడి, నొప్పి పుట్టించు ఏర్పాటే ఇక్కడ గాయము లేకయే, రోగము లేకయే, బిడ్డకు దారి తీయుటకై పనిచేయును. కాన్పు పిమ్మట ఆ తావును శుభ్రపరచి మాన్పునదియు ఆ బలగమే.

ఊపిరితిత్తులకును ఈ భటులకును సంబంధము కలదా యను ప్రశ్న నన్ను మిక్కిలి యాకర్షించినది. 2004లో అమెరికాలోని డల్లాసు నగర పరిశోధకులు చుంచులయందు ఇట్లు కనుగొనిరి: పండిన ఊపిరితిత్తులు పుట్టించు మాంసకృత్తు ఒకటి ఉమ్మనీటిలోనికి వచ్చి, అచ్చటి తెల్లకణములను మేల్కొలుపును, అవి తల్లి గర్భాశయపు గోడను చేరి ప్రసవమునకు నాంది పలుకును. అనగా “నేను ఊపిరి పీల్చుకొనగలను, తలుపు తీయుడు” అని పిల్లయే లోపలినుండి తట్టుచున్నది. మానవులయందు ఇదంతయు అచ్చముగ నిట్లే జరుగునని చెప్పరాదు. కాని దీనిని చదివినప్పుడు గాజుపెట్టెలోని మా మనుమడు నా కన్నుల కట్టెను. వాడు తలుపు తట్టలేదు, మేమే పగులగొట్టితిమి.

తలుపును అకాలమున తెరచు శత్రువు మరియొకటి కలదు. మూత్రమార్గమున గాని గర్భమార్గమున గాని సూక్ష్మజీవులు చేరినచో, కావలిబలగము యుద్ధమునకు లేచును. ఆ కలకలము ద్వారమును మెత్తపరచి, కండరమును రేపి, ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో నొప్పులు తెప్పింపవచ్చును. మంటమూత్రము, జ్వరము, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు కారుట – ఇవి సిగ్గుపడి దాచుకొనవలసినవి కావు. వేసవిలో మన మెట్టప్రాంతపు స్త్రీలు పొలములో నీరు త్రాగక, మరుగు దొరకక మూత్రము బిగపట్టుకొనుట యెరుగుదుము. ఆ యలవాటు మూత్రవ్యాధులకు దారి తీయును. గర్భిణికి చెంబెడు నీరును, మరుగునకు నాలుగు గోడలును కల్పించుట గొప్ప వైద్యమే.

ఇక ఆక్సిటోసిన్. 1906లో హెన్రీ డేల్ అను ఆంగ్లేయుడు పిట్యూటరీ గ్రంథి సారము గర్భాశయమును బిగియజేయునని కనుగొనెను. 1953లో డు వినో అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు ఆ హార్మోనును ప్రయోగశాలలో తయారుచేసి 1955లో నోబెలు బహుమానము నందెను. శీఘ్రప్రసవమని గ్రీకులో దాని పేరునకర్థము. బిడ్డ తల ద్వారముపై ఒత్తినకొలది తల్లి మెదడునుండి ఈ హార్మోను విడతలు విడతలుగా వచ్చును; అది వచ్చినకొలది నొప్పులు బలపడి బిడ్డ మరింత ఒత్తును. మరల బిడ్డ స్తన్యము కుడుచునప్పుడు పాలు దింపునదియు ఇదే.

పశువులున్న యింటివారికి ఒక సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కొత్తమనిషి కూర్చుండినను, కుక్క మొరిగినను, దూడ కనబడకున్నను గేదె చేపదు. భయమున పుట్టు అడ్రినలిను ఆక్సిటోసినును అడ్డగించుటయే కారణము. గేదె సంగతి ఇట్లుండగా, తొలిచూలు పిల్లను పరాయి గదిలో ఒంటరిగా పడవైచి, “అరవకుము, ఓర్చుకొనుము” అని కసరినచో నొప్పులు సాగునా? 1980లో గ్వాటిమాలా దేశపు ఆసుపత్రిలో, పరిచయము లేని స్త్రీయైనను ప్రక్కన నుండి చేయిపట్టుకొని మాటాడినచో తల్లుల కాన్పు త్వరగా ముగియుట వైద్యులు పరిశీలించి ప్రకటించిరి. అటుపిమ్మట అనేక దేశములలో జరిగిన పరీక్షలును దీనినే బలపరచినవి. కాన్పువేళ కోరిన తోడు నుండనీయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థయు చెప్పుచున్నది. మన అవ్వలును మంత్రసానులును నడుము నిమురుచు, ధైర్యము చెప్పుచు చేసినది వట్టి ఉపచారము కాదు.

కాని ఆ ఆక్సిటోసినునే సూదిలో నింపి, పల్లెలో శిక్షణ లేనివారు నొప్పులు త్వరగా రావలెనని పొడుచుట మహాప్రమాదకరము. మోతాదు మించినచో గర్భాశయము విడువక బిగిసి బిడ్డకు ప్రాణవాయువు అందదు. ఒక్కొక్కప్పుడు గర్భాశయమే చీలును. ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు వినుచు, చుక్కలు లెక్కించి ఇచ్చుట వేరు. బిడ్డ పుట్టిన పిమ్మట రక్తస్రావము నాపుటకు ఇచ్చు సూది ప్రాణరక్షకము; దానిని వలదనరాదు.

చరకసంహిత శారీరస్థానమున ఒక హెచ్చరిక కలదు. నొప్పులు రాకమునుపే ముక్కుమని గర్భిణిని తొందర పెట్టరాదని ఆచార్యుడు చెప్పెను. తుమ్మును, త్రేన్పును వేళగాకయే తెచ్చుకొనజూచుట వంటిదే యది యని పోల్చి, అట్లు చేసినచో బిడ్డకు ఉబ్బసము, దగ్గు మొదలగు వికారములు కలుగునని హెచ్చరించెను. ఆయనకు హార్మోనులు తెలియవు. ఆయన చెప్పినది ముక్కుటను గూర్చియే గాని శస్త్రమును గూర్చి కాదు. అయినను కాలమునకు ముందు పడిన తొందర బిడ్డ ఊపిరిపై పడునను భయము ఆయనకును కలిగెననుట గమనింపదగినది.

జ్యోతిషమును నమ్ము పెద్దలకు నా మనవి మరియొకటి. నేనును నమ్మువాడనే. పుంసవన సీమంతములకు ముహూర్తము కలదు. సూతికాగృహ ప్రవేశమునకు శుభదినము చూడుమని చరకుడే చెప్పెను. పుట్టిన పిమ్మట జాతకర్మ కలదు. బిడ్డ వెలువడు క్షణమును మాత్రము మన పెద్దలు మనచేతికి ఇయ్యలేదు. జాతకము చదువదగినది గాని వ్రాసియీదగినది కాదు. బలవంతముగా తెచ్చిన లగ్నము చూచి ఫలము చెప్పుట, విద్యార్థికి సమాధానములు మనమే వ్రాసియిచ్చి, పిమ్మట వాని తెలివిని మెచ్చుకొనుట వంటిది.

ఇది ఒక్క నా యింటి కథయా? 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 21 కాన్పులు శస్త్రచికిత్సచే జరుగగా, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60కి పైగా నట్లు జరిగినవి. నూటికి 10ని మించి ఇట్టి కాన్పులు పెరిగినందువలన తల్లులయు శిశువులయు మరణములు తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ప్రకటించినది. అన్నియు ముహూర్తములవలన జరిగినవని నేననను. కాని ముహూర్తమునకై జరిగినవి మీ బంధువర్గములోనే మీరెరుగుదురు.

నన్ను అపార్థము చేసికొనవలదు. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, మాయ ద్వారమునకు అడ్డుపడినప్పుడు, రక్తపు పోటు విషమించినప్పుడు, బిడ్డ గుండె అలసినప్పుడు శస్త్రచికిత్స దైవము. అప్పుడు వర్జ్యమని, దుర్ముహూర్తమని క్షణమైనను జాగు చేయరాదు. కాలము మించుటయు ప్రమాదమే. గడువు దాటి వారము గడచినచో వైద్యులు నొప్పులు తెప్పింతుమనిన వినవలెను. బిడ్డ కాలము బిడ్డది. అది తప్పినదని చెప్పవలసినవారు వైద్యులు. పంచాంగమునకు అందు పని లేదు.

కావున ఈ సభవారికి నాలుగు ప్రార్థనలు.

ఒకటి: వైద్యకారణము లేనిదే ముప్పదితొమ్మిది వారములు నిండకుండ కాన్పు చేయింపవలదు. లెక్క తప్పకుండ, చివరిసారి బహిష్టయిన తేదీని ప్రతి కోడలును, కూతురును వ్రాసియుంచుకొనవలెను. ముహూర్తము చూచు మిత్రులు నావలె పంచాంగము విప్పక, “డాక్టరమ్మను అడుగుడు” అని పంపవలెను.

రెండు: ఇంటివద్ద నొప్పుల సూది వేయింపవలదు.

మూడు: జ్వరము, మంటమూత్రము, ఉమ్మనీరు కారుట, రక్తము కనబడుట, తీవ్రమగు తలనొప్పితో చూపు మసకబారుట, బిడ్డ కదలిక తగ్గుట – వీనిలో నేదైనను కనబడిన దినముననే ఆసుపత్రికి చేర్పవలెను. 2005 నుండి 108 బండి మనకు కలదు. దానిని పిలుచుటకు మగవారి రాకకై కాచుకొనవలదు.

నాలుగు: కాన్పుగదిలో తల్లికి నచ్చిన స్త్రీ యొకతె తోడుండునట్లు ఆసుపత్రివారిని అడుగవలెను. కల్యాణమండపములకు ఉదారముగా విరాళములిచ్చు పోషకులు, పల్లెలనుండి వచ్చు ఈ తోడుస్త్రీలు తలదాచుకొనుటకు పట్టణమున ఆసుపత్రి సమీపముననే రెండు గదులు సంఘము పక్షమున కట్టింప పూనుకొందురేని, ఆ పుణ్యము సామాన్యమైనది కాదు.

మనది ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు సీమ. మన రైతు పదును లేక విత్తనము వేయడు. వేరుసెనగ పెరుకుటకు ముందు ఒక చెట్టును పీకి, కాయ యొలిచి, పొట్టు లోపల నల్లబడినదా యని చూచును. పచ్చికాయను పెరికి మంచి దినమున పెరికితినని సంతసించు రైతు ఈ జిల్లాలో లేడు. చేనియందు మనకున్న ఆ యోర్పు, మన యాడుబిడ్డల కడుపు పండినప్పుడు గూడ ఉండవలదా?

మా రెండవ కుమార్తె కాన్పునకు వచ్చినప్పుడు నేను పంచాంగమును అటుకమీద పెట్టితిని. ఒక అమావాస్యనాటి తెల్లవారుజామున, ఎవ్వరును కోరని నక్షత్రమున, నొప్పులు వాటంతట అవే వచ్చినవి. మా యావిడ ప్రక్కన నుండెను. పుట్టగానే ఆ శిశువు వరండాలోనున్న నాకు వినబడునంత గట్టిగా ఏడ్చెను. అంతటి శుభస్వరమును నేను ఏ వేదపండితుని నోటను వినలేదు.

మీ గృహములయందు తల్లులును బిడ్డలును పూర్ణాయుష్మంతులగుదురు గాక! స్వస్తి.